ఒకటే రోడ్డు, రెండు గేట్లు

చెల్లీ, సీటు సంగతి తేలక రెండు పూటలా సరిగ్గా తినట్లేదట, అమ్మ ఫోన్‌లో ఒకటే బాధపడింది. ఇలా కూర్చో, తేల్చుకుందాం.

గచ్చిబౌలిలో నువ్వు చూస్తున్న రెండు చోట్లకీ అడ్రసులో ఉండేది ఒకటే రోడ్డు, ప్రొఫెసర్ సి.ఆర్. రావు రోడ్డు. ఒకటి ట్రిపుల్ ఐటీ. సైబర్ టవర్స్ తెరిచిన 1998లోనే మొదలైంది, 66 ఎకరాలు. రెండోది సెంట్రల్ యూనివర్సిటీ. 1974లో పుట్టి, మొదట అబిడ్స్‌లో సరోజినీ నాయుడుగారి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో నడిచింది. తర్వాత ఇక్కడి బండరాళ్ల మధ్యకి వచ్చింది. అప్పుడు దానికి కేటాయించింది దాదాపు 2,300 ఎకరాలు.

నీకు భాషలూ ఇష్టమే, కంప్యూటరూ ఇష్టమే. రెండు చోట్లా దారి ఉంది. ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్స్ బీటెక్‌తో పాటు కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్‌లో ఎమ్మెస్ కలిపి చదవచ్చు. యూనివర్సిటీలో లాంగ్వేజ్ సైన్సెస్ ఐదేళ్ల ఎమ్మే ఉంది, సీయూఈటీ రాయాలి. ఫీజు మాత్రం ట్రిపుల్ ఐటీలో లక్షల్లో, యూనివర్సిటీలో చాలా తక్కువ. నాన్న ఆ మాట నీతో అనరు కాబట్టి నేనే అంటున్నాను.

ట్రిపుల్ ఐటీ లాంటి చిన్న చోట వారం రోజులు క్లాసుకి పోకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. నీలాంటి మొహమాటస్తురాలికి అదో కొండంత అండ. కానీ రూమ్మేట్‌తో మాట పట్టింపు వచ్చినా రోజూ అదే మెస్సులో మొహాలు చూసుకోవాలి. పైగా ఎటు చూసినా కోడింగ్ కబుర్లే. యూనివర్సిటీలో నీ బల్ల దగ్గర ఒకమ్మాయి కెమిస్ట్రీ, ఇంకొకమ్మాయి నాటకం, పక్కవాళ్లు తెలుగు సాహిత్యం. మనసు మారితే చూడ్డానికి వేరే లోకం ఉంటుంది. అయితే అక్కడ ప్రొఫెసర్ తలుపు నువ్వే తట్టాలి. తట్టకపోతే ఐదేళ్లు ఎవరి కంటా పడకుండానే గడిచిపోతాయి.

ఆ రోడ్డుకి ఎవరి పేరు పెట్టారో ఆ సి.ఆర్. రావుగారు ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి, 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లారు. అప్పటికి అది దాదాపు పదేళ్ల వయసున్న చిన్న సంస్థ. కానీ అక్కడ దాన్ని స్థాపించిన మహలనోబిస్ ఉన్నారు. నాలుగేళ్లకే, పాతికేళ్ల వయసులో, రావుగారు రాసిన పేపరు ఇప్పటికీ స్టాటిస్టిక్స్ పాఠాల్లో ఉంది. అందుకే నేను ఎకరాలు లెక్కపెట్టను, నీకు చెప్పేవాళ్లెవరో చూస్తాను.

నా ఓటు యూనివర్సిటీకే. పదిహేడేళ్లకి నీ ఇష్టాలు ఇంకా తేలలేదు, తేలాల్సిన పనీ లేదు. ఉద్యోగ ప్యాకేజీలు ట్రిపుల్ ఐటీలోనే ఎక్కువని పక్కింటి ఆంటీ చెప్పేది అబద్ధమేం కాదు, ఎమ్మే చదివితే ఉద్యోగం వెతుక్కునే భారం నీ మీదే ఎక్కువ పడుతుంది. అది తెలిసే చెబుతున్నాను.

శుక్రవారం ఇద్దరం వెళ్దాం. ముందు ట్రిపుల్ ఐటీ, తర్వాత యూనివర్సిటీ లోపలి షాపుల సముదాయం, షాప్‌కామ్. రెండో ఏడాది పిల్లలు ఎవరైనా కనిపిస్తే, క్లాసు బయట మీ సార్‌తో చివరిసారి ఎప్పుడు మాట్లాడారని అడుగు. నేను కాస్త దూరంగా నిలబడతాను, అడగాల్సింది మాత్రం నువ్వే.