పంజరము విడిచిన కోడి

సామెతలు 12:10 చదువునప్పుడు మనకు ఎద్దు, ఆవు తోచును. అచ్చటి హెబ్రీ మాటకు ‘ఎఱుగుట’ అని అర్థము. ఈ నెల ఒక కోడిని ఎఱుగుదము.

ఇంగ్లండులో గ్రుడ్లకొరకు పంజరములలో పెంచు కోళ్లను ఏడాదిన్నర వయస్సు రాగానే కోతకు పంపుదురు. 2005లో డెవను సీమయందు జేన్ హోవర్త్ అను స్త్రీ ఒక ధర్మసంస్థను స్థాపించి, అట్టివానిని పెంచుకొనగోరు ఇండ్లకు అప్పగింప నారంభించెను. 2012 జనవరి 1 నుండి పాత వట్టి పంజరములు నిషిద్ధమైనవి. వానికి బదులుగా వచ్చినవానిలోను కోడికి దక్కునది 750 చదరపు సెంటీమీటర్లే. ఎ4 కాగితముకంటె కొంచెమే ఎక్కువ.

ఇంటికి వచ్చిన కోడికి తురాయి పాలిపోయి, మెడపై ఈకలు రాలి యుండును. సున్నమంతయు గ్రుడ్డు పెంకులకే పోవుటచేత ఎముకలు పెళుసు. కాలు పట్టి ఎత్తరాదు. రెండు చేతులతో రెక్కలు మూసి ఎత్తవలెను. మేత ఒక్కసారిగా మార్చరాదు.

అక్కడ కాపురమున్న మన తెలుగు గృహిణులు ఒకటి గమనింపవలెను. మిగిలిన అన్నము కోళ్లకు వేయుట మనకు పొదుపరితనము, అక్కడ నేరము. వంటింటి ఆహారము వలన రోగములు వ్యాపించునని భయము. పెరటిలో కోసిన ఆకు తిన్నగా వేయవచ్చును. 2024 అక్టోబరు 1 నుండి ఒక్క కోడి యున్నను ప్రభుత్వమువద్ద నమోదు చేయింపవలెను.

మొదటి సాయంకాలమే కష్టము. నాటుకోడి ప్రొద్దు గ్రుంకగానే గూటికి చేరును. ఇది సూర్యాస్తమయమును ఎన్నడును చూడలేదు. చీకటి పడినను నేలమీదనే నిలిచియుండును. ఒక్కొక్కదానిని చేతితో లోపల పెట్టవలెను. మరునాడును అంతే, ఆ మరునాడును అంతే. విసుగుకొనువారు ఈ పనికి పూనుకొనకుందురు గాక. అయితే మంటిలో పొర్లుట మాత్రము దానికెవరును నేర్పనక్కరలేదు. పొడిమన్ను కనబడగానే కూలబడి, రెక్కలతో మీదికి ఎగజిమ్ముకొనును. దీనిని చూచుటకే తెచ్చుకొనవచ్చును.

గ్రుడ్లు లెక్కించుకొని తెచ్చుకొనరాదు. ఏటికి సుమారు 300 పెట్టునట్లు మనుష్యుడు తీర్చిన జాతి యిది. గ్రుడ్ల సంచి రోగములతో నెలలలోనే చచ్చునవి కలవు, ఏండ్లు బ్రదుకునవియు కలవు. పిల్లలున్న యింట ఈ సంగతి ముందే చెప్పవలెను.

కొన్ని వారములకు తురాయి ఎఱ్ఱబడును. మెడపై సూదులవంటి ఈక మొలకలు వచ్చును. ఒకనాటి సాయంకాలము మీరు ఎత్తి పెట్టుటకు వెళ్లునప్పటికి, పెరటిలో ఒక్కటియు ఉండదు. అన్నియు గూటిలోనే యుండును.