యాకోబు లాబాను ఇంట నిలిచిన ఇరువది సంవత్సరములు

పాఠ్యభాగము: ఆదికాండము 29, 30, 31 అధ్యాయములు. కూడ చదువవలసినవి: ద్వితీయోపదేశకాండము 15:12–17, 24:14, 15, 1 కొరింథీయులకు 7:20–24.



పని విడిచి పోవువానిని, ఎందుకు పోవుచున్నావని ఊరందరును అడుగుదురు. ఉన్న పనిలోనే ఉండువానిని, ఎందుకు ఉన్నావని అడుగువారు అరుదు. అయినను మనలో ఎక్కువమంది పోవువారు కారు, ఉండువారే. పలాస కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టు చెల్లెండ్రు, ఉద్దానము తోటలలో కూలి చేయు అన్నలు, దూరదేశములలో బోట్లమీద నుండు తమ్ముళ్లు ఏటికేడు అదే పనిలో నున్నారు. ఈ నిలుచుట దేనివలన కలుగుచున్నదో ఈ మాసము యాకోబు చరిత్రనుండి నేర్చుకొందము.

1. కొన్నాళ్లని వెళ్లినవాడు

ఏశావు కోపము చల్లారువరకు కొన్నాళ్లు అక్కడ నుండుమని రిబ్కా తన కుమారుని పంపెను (27:44). ఆ కొన్నాళ్లు ఇరువది సంవత్సరములాయెను. రాహేలు కొరకును లేయా కొరకును పదునాలుగు, మంద కొరకు ఆరు (31:41). ఉండిపోవలెనని యాకోబు ఏనాడును తీర్మానించుకొనలేదు. ఒక సంవత్సరము వెంట మరియొకటి వచ్చెను, అంతే.

మన ప్రాంతమునుండి హైదరాబాదుకు, చెన్నైకి, గల్ఫ్ దేశములకు, గుజరాతులోని వెరావల్ రేవుకు పోవువారును కొన్నాళ్లనియే చెప్పి రైలెక్కుదురు. చెల్లెలి పెండ్లి వరకు అందురు. పెండ్లి అయిన పిమ్మట ఇంటి స్లాబు వరకు అందురు. స్లాబు పడిన పిమ్మట పిల్లల చదువు వచ్చును. నిలుచుటకు మొదటి కారణ మిదియే: మనము నిర్ణయించుకొనకయే కాలము మన పక్షముగా నిర్ణయించును.

2. పని చేతికి వచ్చియుండుట

తానెట్లు కొలువు చేసెనో, మంద తనయొద్ద ఎట్లు పెరిగెనో లాబానుకే తెలుసునని యాకోబు చెప్పెను (30:29). పని బాగుగా వచ్చినవానికి ఆ పని గౌరవము నిచ్చును.

జీడి పని చూడుడి. పిక్కలను ఆవిరిలో ఉడికించి, ఆరిన పిమ్మట చేతితోను కాలితోను నడుపు కత్తెర యంత్రముమీద పెంకు చీల్చవలెను. పెంకులోని నూనె తగిలిన చోట చర్మము కాలి నల్లబడును. పప్పు విరుగకుండ తీయుట ఒక నేర్పు, పలుచని పొర ఒలుచుట మరియొక నేర్పు. గుండు పప్పుకు ఒక ధర, బద్దకు ఒకటి, ముక్కకు ఒకటి. పౌనుకు 240 లోపల తూగు గుండు పెద్దది, 320 లోపల తూగునది దానికంటె చిన్నది. అలవాటు పడిన స్త్రీ త్రాసు లేకుండనే, కంటితో చూచి వేళ్లతో వేరుచేయును. ఈ నేర్పు ఆమెకు అన్నము పెట్టుచున్నది. అయితే పలాస దాటి పోయిన చాల ఊళ్లలో ఈ నేర్పును కొనువాడు లేడు. “ఇంకెక్కడికెల్తాం అయ్యగారూ, మాకు ఇదే పని వచ్చు” అను మాటలో కొంత అభిమానమును, కొంత నిస్సహాయతయు కలిసియున్నవి.

3. మనుష్యులతోను స్థలముతోను గల సంబంధము

రాహేలు మీది ప్రేమచేత ఏడు సంవత్సరములు యాకోబుకు కొద్ది దినములుగా తోచెను (29:20). మన జీవితములలోను ప్రేమ పనిని తేలిక చేయును. ప్రక్కన కూర్చుండి పొట్టు తీయు వదిన, ఇంటికి నడిచిపోగల దూరము, జ్వరము వచ్చిన దినమున పిల్లవానిని చూచుకొను పొరుగు పిన్ని, ఇవి కూలి లెక్కలో వ్రాయబడవు, కాని మనిషిని నిలుపును.

2001వ సంవత్సరములో అమెరికా దేశపు పండితులు మిచెల్, లీ మొదలగువారు ఈ విషయమును పరిశోధించి, మనిషి పనిలో నిలుచుట కేవలము జీతమువలనను సంతృప్తివలనను మాత్రమే కాదని వ్రాసిరి. వారు మూడు త్రాళ్లను చూపిరి: మనుష్యులతో సంబంధములు, ఆ పనితోను ఊరితోను పొందిక, విడిచినయెడల కోల్పోవునవి. ఇవి పనిలో మాత్రమే గాక ఊరిలోను ఉండునని వారి భావము. మన ప్రజలకు ఇది క్రొత్త సంగతి కాదు గాని, ఆలోచించుటకు మంచి క్రమము.

ఉద్దానములో ఈ మూడవ త్రాడు మరింత బిగువైనది. 1990ల నుండి ఇక్కడ మూత్రపిండముల వ్యాధి విస్తారముగా కనబడుచున్నది. దాని మూలకారణము నేటివరకు నిశ్చయముగా తేలలేదు. రక్తశుద్ధి చేయించుకొనువాడు వారమునకు రెండు మూడు మారులు, మారునకు సుమారు నాలుగు గంటలు మంచముమీద నుండవలెను. అట్టివాని భార్య మంచి జీతము వచ్చునని పరాయి ఊరికి ఎట్లు పోగలదు? 2019 నుండి అట్టి రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇయ్యబడుచున్నది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రియు మూత్రపిండవ్యాధి పరిశోధన కేంద్రమును ప్రారంభింపబడెను. ఇట్టి ఇంటివారిని చూచి, ఎదుగుదల కోరని సోమరులని ఎవరును పలుకకుందురు గాక.

4. తనదంటూ ఏమియు లేకుండుట

యోసేపు పుట్టిన పిమ్మట యాకోబు సెలవడిగెను. కాని అప్పటికి అతనికి కుటుంబ మున్నది, మంద లేదు. తన ఇంటివారికొరకు తానెప్పుడు సంపాదించుకొందునని అతడు అడిగిన ప్రశ్న (30:30) ప్రతి కూలివాని ప్రశ్నయే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాసకు సమీపమున తీరము దాటెను. ఒక్క రాత్రిలో లక్షలకొలది కొబ్బరిచెట్లును, విస్తారమైన జీడితోటలును నేలకూలెను. కొబ్బరి మొక్క నాటినయెడల కాపునకు అయిదారేండ్లు పట్టును. తోట ఆధారముగా స్వతంత్రముగా నున్నవాడు ఆ అయిదారేండ్లు ఏమి తినవలెను? దొరికిన కూలిలో నిలిచెను. వెనుక ఆధారము లేనివాడు ముందుకు అడుగు వేయలేడు.

5. భయమును, ముందు తీసికొన్న సొమ్మును

తన కుమార్తెలను బలవంతముగా తీసికొనునేమో యని యాకోబు లాబానుకు భయపడెను (31:31). పదిమారులు కూలి మార్చినను (31:7) ఆ ఇంటనే యుండెను.

వెరావల్ పోవు మత్స్యకారులలో అనేకులు తండేలు ద్వారా బోటు యజమానియొద్ద ముందుగా సొమ్ము తీసికొందురు. ఆ సొమ్ము ఇంటిలో ఖర్చయిపోవును, శరీరము మాత్రము సముద్రముమీద నుండవలెను. 2018 నవంబరులో మన జిల్లావారును విజయనగరము జిల్లావారును పాకిస్తాను వారిచేత పట్టబడి, 2020 జనవరిలో విడుదలై వచ్చిరి. అదే సంవత్సరము లాక్‌డౌనులో వేలమంది వెరావల్‌లో చిక్కుకొని బస్సులలో ఇల్లు చేరిరి. అంత జరిగినను పడవలెక్కువారున్నారు. వారికి ప్రాణము తీపి కాదా? తీపియే. కాని తీరమున సరియైన రేవును, ఏడాది పొడవున పనియు లేనప్పుడు, అపాయము తెలిసియు పోవుదురు.

తృప్తియా, సంకెలయా?

ఇచ్చట మనము జాగ్రత్తగా నుండవలెను. పిలువబడిన స్థితిలోనే నిలువుమని పౌలు వ్రాసెనని చెప్పి, కష్టపడువారికి తృప్తిని బోధించుట సులభము. కాని ఆ మాట ప్రక్కనే, దాసుడు స్వతంత్రుడగుటకు వీలుండినయెడల ఆ వీలును వినియోగించుకొనవలెనని కూడ ఆయన వ్రాసెను (1 కొరింథీ. 7:21). సగము వాక్యము బోధించుట సత్యమును బోధించుట కాదు.

ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయము రెండు విధములైన నిలుచుటను ఎరుగును. ఏడవ యేట దాసుని విడిచిపెట్టవలెను, వట్టి చేతులతో పంపరాదు. అటుపిమ్మట అతడు ఆ ఇంటిని ప్రేమించి ఉండగోరినయెడల ఉండవచ్చును. తలుపు తెరిచిన తరువాత నిలుచుట ప్రేమ. తలుపు మూసియుండగా నిలుచుట చెర. బయటికి రెండును ఒకే తీరున కనబడును. భేదము తలుపులోనే యున్నది.

యాకోబు ఎట్లు బయలుదేరెను?

అతడు తొందరపడలేదు. మొదట ఆరేండ్లలో తన మందను సమకూర్చుకొనెను. రెండవది, లాబాను ముఖము మారుటను గమనించెను (31:2). మూడవది, దేవుని మాట కొరకు చెవియొగ్గెను (31:3). నాలుగవది, రాహేలును లేయాను పొలమునకు పిలిపించి విషయమంతయు చెప్పి, వారి సమ్మతి పొందెను (31:4–16). మన ఇండ్లలో భర్త ఒంటరిగా నిర్ణయించి టిక్కెట్టు కొని వచ్చుట మానవలెను. అయితే యాకోబు చెప్పక పోయినందున లాబాను ఏడు దినములు తరుముకొని వచ్చెను. తుదకు రాళ్లకుప్ప వేసి నిబంధన చేసికొని సమాధానముగా విడిపోయిరి. లెక్క తీర్చుకొని, చెప్పి వెళ్లుట మేలు.

అప్పు పేరట బలవంతముగా పని చేయించుట నేరమని 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము చెప్పుచున్నది. అట్టి కష్టములో నున్నవారు జిల్లా కలెక్టరుకు గాని, టెక్కలి, పలాస ఆర్డీఓ కార్యాలయములలో గాని మొరపెట్టుకొనవచ్చును. చదువు వచ్చిన యౌవనస్థులు వారికి అర్జీ వ్రాసిపెట్టుదురు గాక.

పని యిచ్చువారితో ఒక మాట. మీయొద్ద పనివారు పదేండ్లుగా నున్నారని సంతోషించుటకు ముందు, వారెందుకు నున్నారో అడుగుడి. లాబాను తన ఇంటి దీవెన యాకోబువలన కలిగినదని ఒప్పుకొనెను (30:27), అయినను కూలి మార్చుట మానలేదు. ఆ దినపు కూలి ఆ దినము సూర్యుడస్తమింపక మునుపే ఇయ్యవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది.

కూటములో చర్చించుటకు ప్రశ్నలు

1. నేనున్న పనిలో నన్ను నిలుపునది ప్రేమయా, అలవాటా, అప్పా, భయమా?
2. రేపు వేరొక తలుపు తెరువబడినయెడల, నేనింకను ఇచ్చటనే యుండగోరుదునా?
3. తన మందను తాను సమకూర్చుకొనుటకు ఒక పొరుగువానికి మన సంఘము ఈ సంవత్సరము ఏ సహాయము చేయగలదు? పొదుపు సంఘమా, కుట్టుపనియా, కొబ్బరి మొక్కలా?

నిలువవలసినవారికి ఓర్పును, పోవలసినవారికి ధైర్యమును, ఈ రెంటి భేదమును ఎరుగు జ్ఞానమును ప్రభువు దయచేయును గాక. ఆమేన్.