ఆయిలు పని ఆయిలుది, స్ప్రింగు పని స్ప్రింగుది

ఇంజిన్ ఆయిలు మార్చిన తేదీ గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టుకునేవాళ్లకి కూడా ముందు షాకుల్లో ఆయిలు ఉంటుందన్న సంగతి సీలు కారి పైపు జిడ్డయ్యాకే గుర్తొస్తుంది. ముందు భాగం మెత్తబడటం ఒక్కరోజులో జరగదు. రోజుకింత దిగజారుతుంటే చేతులు దానికే అలవాటు పడిపోతాయి. కాకినాడలో మా వాకిట్లో మా బళ్లతో పాటు వీధి కుర్రాళ్ల బళ్లకీ ఈ పని చేస్తూ వచ్చాను. అడిగినవాళ్లకి నోటితో చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

1. షాకు మీద నేరం మోపేముందు టైరులో గాలి చూడండి. స్ప్లెండర్ ముందు టైరుకి 25 పీఎస్ఐ చాలు. బంకులో కుర్రాడు అడక్కుండానే 35 కొట్టి పంపుతాడు. టైరు రాయిలా ఉంటే ఏ షాకూ ఏమీ చెయ్యలేదు. గాలి సరిగ్గా ఉండి కూడా బ్రేకు వేసినప్పుడు 'టక్'మంటుంటే, ముందు బ్రేకు పట్టుకుని బండిని ముందుకీ వెనక్కీ ఊపండి. ఇంకొకర్ని హ్యాండిల్ కింద, టీ-స్టెమ్ కలిసే చోట వేళ్లు పెట్టి చూడమనండి. అదురు అక్కడ తెలిస్తే తప్పు హ్యాండిల్ తిరిగే బేరింగులది, అంటే కోన్ సెట్‌ది. కింద, పైపు బాటమ్ కేసులోకి దూరే చోట తెలిస్తే అప్పుడు షాకు విప్పండి.

2. అన్నిటికన్నా ముఖ్యం ఇది. షాకులో స్ప్రింగు బరువు మోస్తుంది, ఆయిలు ఆ స్ప్రింగుకి కళ్లెం వేస్తుంది. బ్రేకు వేస్తే ముందు ఎంత లోతుకి దిగాలో తేల్చేది ప్రధానంగా స్ప్రింగు. ఎంత వేగంగా దిగాలో, ఎంత వేగంగా లేవాలో తేల్చేది ఆయిలు. ఈ రెండు పనుల్ని కలిపేసుకోవడం వల్లే సగం డబ్బు వృథా అవుతుంది.

"మావయ్యా, బ్రేకేస్తే బండి ముక్కు నేలకి దిగిపోతోంది, చిక్కటి ఆయిలు పోసెయ్" అని వస్తారు. పోస్తే ఏమవుతుంది? దిగడం నెమ్మదిస్తుంది. బ్రేకు పట్టుకునే ఉంటే ఆఖరికి అదే లోతుకి వెళ్లి ఆగుతుంది. బ్రేకు వేస్తే బరువు ముందుకి రావడాన్ని ఏ ఆయిలూ ఆపలేదు. పైగా స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా మణికట్లు ఝల్లుమంటాయి.

ఎందుకంటే మామూలు బళ్లలో ఆయిలుకి దారి షాకు లోపలి సీట్ పైపుకి ఉండే చిన్న చిన్న బెజ్జాలే. సిరంజిలో నీళ్లు నింపి నెమ్మదిగా నొక్కితే వేలికి బరువే తెలియదు, ఒక్కసారిగా నొక్కితే మొండికేస్తుంది. ఇక్కడా అంతే. బెజ్జంలోంచి పోయే వేగం రెట్టింపైతే అడ్డు దాదాపు నాలుగింతలవుతుంది. నెమ్మదిగా దిగే బ్రేకు కుదుపుకి చాలీచాలని అడ్డు, గోతి అంచుకి అక్కర్లేనంత అడ్డు. అందుకే ఈ రకం షాకుకి ఆయిలు ఎంచడమంటే ఎప్పుడూ రాజీ బేరమే. ఈ పద్ధతి పాతదే లెండి. ఆయిలుతో పనిచేసే టెలిస్కోపిక్ ఫోర్కుని, అంటే ఇలాంటి ముందు షాకుల జతని, బీఎండబ్ల్యూ వాళ్లు 1935లోనే ఆర్12 బండికి బిగించి అమ్మారు.

3. డబ్బా మీది 10, 15 నంబర్లు ఒక కంపెనీకీ ఇంకో కంపెనీకీ కలవవు. ఒకరి 10 ఇంకొకరి 10 కన్నా బాగా పలచగా ఉండొచ్చు. 40 డిగ్రీల వేడి దగ్గర ఇన్ని సెంటీస్టోక్స్ అని ఆ కంపెనీ ఇచ్చే లెక్కే అసలు కొలత. అది దొరక్కపోతే ఒకే కంపెనీ పట్టుకుని ఉండండి. 10కీ 15కీ మధ్యది కావాలంటే అదే కంపెనీ ఆయిళ్లు రెండూ సగం సగం కలుపుకోవచ్చు.

ఇంజిన్ ఆయిలు పోసేస్తే గట్టిగా ఉంటాయని చాలా షాపుల్లో చెబుతారు. గట్టిగా ఉండే మాట నిజమే. 10 నంబరు ఫోర్కు ఆయిలు ఆ కొలతలో ముప్ఫై నలభై ప్రాంతంలో ఉంటే 20డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిలు వంద దాటుతుంది. రామగుండం ఎండలో ఎలాగో నెట్టుకొచ్చినా, చలికాలం తెల్లవారుజామున లంబసింగి ఎక్కితే ముందు షాకులు కర్రల్లా బిగుసుకుంటాయి. మీ బండి పుస్తకంలో వేరే రకం రాసి ఉంటే మాత్రం పుస్తకం మాటే వినండి, నా మాట కాదు.

4. విప్పే వరస తప్పితే ప్రమాదం. మెయిన్ స్టాండ్ వేసి, ఇంజిన్ కింద చెక్క దిమ్మ పెట్టి, ముందు చక్రం గాల్లో ఉండేలా చూసుకోండి. పై క్లాంపు బోల్టు ఉన్న బళ్లలో మొదట దాన్ని వదులు చెయ్యండి. కింది క్లాంపు పట్టుకుని ఉండగానే షాకు మూతని అర చుట్టు తిప్పి పట్టు వదిలించండి. ఇది మరిచిపోయి షాకుని బయటికి లాగేస్తే ఆ గుండ్రటి పైపుని దేనిలో బిగించి మూత తిప్పుతారు? వైస్‌లో పెడితే క్రోమ్ పోతుంది.

తర్వాత చక్రం, మడ్‌గార్డు. డిస్కు బండైతే క్యాలిపర్‌ని బ్రేకు గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో కట్టండి, ప్యాడ్ల మధ్య చెక్కముక్క దూర్చండి. పొరపాటున ఎవరైనా లివరు నొక్కినా పిస్టన్లు బయటికి రావు. అప్పుడు కింది క్లాంపు వదులు చేసి, పైపుని మెలితిప్పుతూ కిందికి దించండి. మూత ఆఖరి చుట్ల దగ్గర కింద స్ప్రింగు తన్నుతుంది. మడత గుడ్డ వేసి అరచేత్తో అదిమి పట్టి, మొహం పక్కకి పెట్టి తిప్పండి. స్ప్రింగు బయటికి తీసేటప్పుడు దగ్గరదగ్గర చుట్లున్న కొస పైకుందో కిందికుందో చూసుకోండి, మళ్లీ అలాగే వెళ్లాలి. రెండు షాకులూ ఒకేసారి విప్పొద్దు. ఒకటి బిగించి ఉంటే ఏ వాషరు ఎక్కడిదో అదే చెబుతుంది.

5. పాత ఆయిలు పారబోసే ముందు తెల్లటి గిన్నెలోకి వంచి చూడండి. బూడిద రంగులో, ఎండలో తళుకులు తేలుతూ, కుళ్లిన చేపల కంపు కొడుతుంది. ఆ తళుకులు లోపల అరిగిన లోహం. ఇంజిన్‌కి ఉన్నట్టు ఫోర్కుకి ఫిల్టరు లేదు, అరిగిందంతా అందులోనే తిరుగుతూ ఇంకాస్త అరగదీస్తుంది. పాలలా తెల్లబడి ఉంటే నీళ్లు దిగాయన్నమాట. ఒక షాకులో ఆయిలు బాగా తక్కువగా ఉంటే సీలు చూడండి, సీలు బాగుంటే అడుగున అల్లెన్ బోల్టు కింద ఉండే కాపర్ వాషరు చూడండి. తలకిందులుగా పెట్టి ఎన్నిసార్లు ఆడించినా కాస్త ఆయిలు లోపల మిగిలే ఉంటుంది. కిరసనాయిలుతో కడిగితే పూర్తిగా ఆరాకే కొత్తది పోయండి.

6. మిల్లీలీటర్ల లెక్క మీద మాత్రమే ఆధారపడకండి. లోపల ఎంత మిగిలిందో మనకి తెలియదు కదా. నమ్మాల్సింది ఎత్తుని. స్ప్రింగు తీసేసి, పైపుని పూర్తిగా కిందికి నొక్కి, నిలువుగా పెట్టి, పైపు అంచు నుంచి ఆయిలు మట్టం దాకా ఎంత ఖాళీ ఉందో కొలవాలి. ఆ కొలత పుస్తకంలో ఇచ్చి ఉంటే సగం పని అయినట్టే. ఇవ్వకపోతే, కారని షాకులో పాత ఆయిలు తియ్యకముందే ఇదే పద్ధతిలో కొలిచి రాసిపెట్టుకోండి.

కొత్త ఆయిలు పోశాక పైపుని నెమ్మదిగా పదిసార్లు పైకీ కిందికీ ఆడించి, బుడగలు తేలేదాకా ఓ పది నిమిషాలు వదిలెయ్యండి. కావలసినదానికన్నా కొంచెం ఎక్కువే పోయండి. మందుల షాపులో పెద్ద సిరంజి, ముక్క సెలైన్ గొట్టం తెచ్చి, గొట్టాన్ని పాత స్పోకుకి కట్టండి. 120 మిల్లీమీటర్ల ఖాళీ కావాలంటే స్పోకు మీద అంత దూరంలో టేపు చుట్టి, టేపు పైపు అంచుకి వచ్చేలా దించి పీల్చండి. గాలి పీల్చడం మొదలైందంటే మట్టం కుదిరింది. రెండు షాకుల్లోనూ తేడా రాదు.

ఆ ఖాళీలో ఉన్న గాలి ఊరికే కూర్చోదు. షాకు అడుగంటా దిగేసరికి అది సగానికన్నా తక్కువ చోట్లోకి నలుగుతుంది, రెండో స్ప్రింగులా తిరిగి తోస్తుంది. అందుకే గోతుల్లో 'ఢాం' అని అడుగంటే బండికి ఆయిలు మట్టం 5 లేక 10 మిల్లీమీటర్లు పెంచితే, మొదటి మెత్తదనం అలాగే ఉంటూ చివర్లో మాత్రం గట్టిపడుతుంది. 41 మిల్లీమీటర్ల పైపులో 10 మిల్లీమీటర్ల ఎత్తంటే పది మిల్లీలీటర్ల పైచిలుకే. చవకలో ఇంతకన్నా మంచి మార్పు నాకు తెలియదు. అలాగని పోసుకుంటూ పోతే గాలికి చోటు లేక సీలే బయటికి తన్నుకొస్తుంది.

7. సీలు కారిందని వెంటనే కొత్తది కొనకండి. సీలు పెదవి కింద దుమ్ము చేరినా కారుతుంది. డస్ట్ కవరు పైకి జరిపి, పాత ఫోటో నెగటివ్ ముక్కో అంత పలచటి ప్లాస్టిక్కో పైపు చుట్టూ తిప్పితే దుమ్ము బయటికొస్తుంది. చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. ఆగకపోతే పైపు మీద గోరు పెట్టి గీరండి. మా ఉప్పుగాలికి క్రోమ్ మీద తుప్పు చుక్కలు తేలతాయి, గోరుకి గరుకుగా తగులుతాయి. ఆ చుక్క కొత్త సీలుని నెలలో కోసేస్తుంది. 1500 నంబరు వాటర్ పేపరుతో, ఆయిలు రాస్తూ, చుక్క అంచు మాత్రమే సాపు చెయ్యండి. కొత్త సీలు దించేటప్పుడు పైపు అంచుకి ప్లాస్టిక్ కవరు తొడిగి ఆయిలు పుయ్యండి. తర్వాత రబ్బరు బెల్లోస్ తొడిగితే తీరం ఊళ్లలో పైపు ఎక్కువ కాలం మన్నుతుంది. చూడ్డానికి బాగుండవని కుర్రాళ్లు తీసేస్తారు.

8. ఇక స్ప్రింగు. పైపు చుట్టూ ఒక కేబుల్ టై కట్టి, డస్ట్ కవరుకి ఆనించండి, బండి నడిపి చూసేటప్పుడు పనికొస్తుంది. చక్రం గాల్లో ఉన్నప్పుడు కనిపించే పైపు పొడుగు కొలవండి. తర్వాత మీరు రోజూ వెళ్లే బట్టల్లో, మోసే బ్యాగుతో సహా ఎక్కి కూర్చోండి, ఇంకొకరు కొలుస్తారు. ముందు భాగాన్ని నొక్కి వదిలాక ఒకసారి, ఎత్తి వదిలాక ఒకసారి కొలిచి సగటు తీసుకోండి. పైపుల రాపిడి వల్ల రెండూ ఒకటి కావు. 130 మిల్లీమీటర్లు ఆడే షాకు మీ బరువుకి 35, 40 దిగితే సరి. 55 దిగుతుంటే స్ప్రింగు మీద పీవీసీ పైపు ముక్క వెయ్యండి. రెండు కొసలూ సమంగా కోసి, స్ప్రింగుకీ ముక్కకీ మధ్య స్టీలు వాషరు పెట్టాలి. 10 మిల్లీమీటర్ల ముక్కతో మొదలుపెట్టండి. దీంతో బండి పైకి లేస్తుందే గానీ స్ప్రింగు గట్టిపడదు. ముక్క మీద ముక్క వేసినా దిగుతూనే ఉంటే ఆ స్ప్రింగు మీ బరువుకి చాలదు, మార్చాల్సిందే.

9. బిగించేటప్పుడు ఇరుసు నట్టు పూర్తిగా బిగించకముందు బండిని నేల మీదికి దించి, ముందు బ్రేకు పట్టుకుని నాలుగైదుసార్లు గట్టిగా నొక్కండి. రెండు కాళ్లూ వాటి దారిలో అవి కుదురుకుంటాయి, అప్పుడు బిగించండి. డిస్కు బండికి లివరు గట్టిపడేదాకా నొక్కకుండా గేటు దాటొద్దు.

10. ఒక్కసారి ఒక్కటే మార్చండి. ఆయిలు నంబరూ, మట్టమూ, పీవీసీ ముక్కా ఒకే రోజు మారిస్తే ఏది పని చేసిందో బ్రహ్మకి కూడా తెలియదు. నేను ఉప్పాడ బీచ్ రోడ్డు మీద, అలలు కొరికేసిన చోట చూసుకుంటాను. మీకూ ఊళ్లో అలాంటి రోడ్డుకి కొదవుండదు. వెళ్లొచ్చాక కేబుల్ టై ఎక్కడికి జరిగిందో కొలిచి రాసుకోండి. ఆ మార్కే షాకు ఎంత లోతుకి దిగిందో చెబుతుంది. లావు పైపు పైన, సన్నది కింద ఉండే డ్యూక్ తరహా తలకిందుల ఫోర్కుల్ని మాత్రం వాకిట్లో విప్పకండి, వాటికి వేరే పనిముట్లు కావాలి. తీసిన ఆయిలు పాత సీసాలో పోసి, వాడిన ఇంజిన్ ఆయిలు డ్రమ్ములో పట్టే సర్వీసు షాపులో ఇచ్చెయ్యండి.