కాగితం కూడా సాక్షే!



మనలో చాలామందిమి గోదావరిఖని, రామగుండం బొగ్గుబాయి కార్మికుల, కూలీల పిల్లలం. ముందస్తు నోటీసు లేని సమ్మెకు ఒక్కరోజుకు ఎనిమిది రోజుల వేతనం కోత పెట్టే పద్ధతిని ఎదిరించి 1981లో సింగరేణి కార్మికులు 56 రోజులు సమ్మె చేశారు. ఇటువంటి పోరాటాలు మన పాఠ్యపుస్తకాల్లో దొరకవు. కరపత్రాల్లో, వినతిపత్రాల్లో, నిజనిర్ధారణ నివేదికల్లో దొరుకుతాయి. ఆ కాగితాలను చెదలు తింటే చరిత్రను తిన్నట్లే.

ఈ కాగితాల విలువ ఏమిటి?

శ్రీశ్రీ తొలి అధ్యక్షుడిగా 1970లలో ఏర్పడిన పౌరహక్కుల సంఘం సభ్యులు ఘటన జరిగిన ఊరికి వెళ్ళి, బాధితులతో, అధికారులతో మాట్లాడి నివేదికలు అచ్చువేసేవారు. ఆ సంఘం నాయకుడు, పిల్లల వైద్యుడు డాక్టర్ రామనాథం 1985లో వరంగల్‌లో తన క్లినిక్‌లోనే హత్యకు గురయ్యారు. ఆ నివేదికల వెనుక ఇంతటి త్యాగం ఉంది.

చుండూరులో 1991 ఆగస్టు 6న దళితులను ఊచకోత కోశారు. ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది 2007లో. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. న్యాయం కోసం ఇన్నేళ్ళు నడవాల్సి వచ్చినప్పుడు మనిషి జ్ఞాపకం ఒక్కటే చాలదు. తేదీతో, సంతకంతో ఉన్న కాగితం తోడు కావాలి.

మన గోదావరిఖనిలోనే 2003 జూన్ 16న 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. విచారణ నివేదికల్లో ప్రమాద కారణాలు ఉంటాయి. ఆ తర్వాత ఆ ఇళ్ళు ఎలా నిలదొక్కుకున్నాయన్నది మనం అడిగి రాసుకోవాలి.

ఎలా భద్రపరచాలి?

1. గుండుసూదులు, పిన్నులు తీసేయాలి. తుప్పు కాగితాన్ని తింటుంది.
2. వెనుకవైపు పెన్సిల్‌తో తేదీ, ఊరు, ఎవరిచ్చారో రాయాలి.
3. నేలమీద పెట్టరాదు. 2000 ఆగస్టు వరదల్లో హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని అరుదైన పుస్తకాలే నీట మునిగాయి.
4. ఫోటో తీసి రెండు చోట్ల దాచాలి. డాక్టర్ బాలగోపాల్ రచనలు నేడు ఇంటర్నెట్‌లో అందరికీ అందుతున్నది ఇలా సేకరించినందువల్లే.
5. బాధితుల పేర్లు, చిరునామాలు వారి అనుమతి లేకుండా బయటపెట్టరాదు.

మన హాస్టల్ లైబ్రరీలో ఇందుకు ఒక బీరువా కేటాయించుకుందాం. పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు తమ ఇంట్లోని పాత కరపత్రాలను, సంఘం రశీదులను పారేయకుండా మాకు ఇవ్వాలని కోరుతున్నాం. వాటికి పట్టిక రాసే పని మేము చేస్తాం.