నాచు పట్టు బొగ్గుపులుసు వాయువు: ఒక లెక్క

విద్యార్థులారా! వానకాలము వచ్చినంతనే బావిగట్టుపైనను, ఇంటి గోడలపైనను పచ్చని జారుడు పొర యొకటి పట్టుట మీరందరును చూచియే యుందురు. దానిని మనము నాచనియు, పాచి యనియు పిలుతుము. మన పొరుగువారు మరాఠీలో శేవాళ్ అందురు. శైవాలమను సంస్కృతపదము నుండియే ఆ మాట పుట్టినది. కాలు జారునను భయముతో తప్ప మనము తలపెట్టని ఈ నాచును గూర్చి శాస్త్రజ్ఞులు పెద్ద ప్రశ్న వేయుచున్నారు. భూమిని వేడెక్కించు వాయువును ఇది పట్టి యుంచగలదా? ఈ ప్రశ్నను మన చంద్రపూరునకు అన్వయించి లెక్క వేసి చూతము.

ముందుగా ఆ వాయువు నెరుగుదము. బొగ్గు, కట్టెలు, కిరసనాయిలు కాలినపుడెల్ల బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, పుట్టును. అది సూర్యుని వెలుగును లోనికి రానిచ్చును గాని, నేలనుండి పైకి పోవు వేడిమిని కొంత పట్టి నిలుపును. ఈ గుణమును 1859లో టిండాల్ ప్రయోగము చేసి చూపెను. ఈ వాయువు పెరిగినచో భూమి యెంత వేడెక్కునో 1896లో స్వీడను శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ లెక్కగట్టెను. 1958లో హవాయి దీవులలో కీలింగ్ కొలత మొదలిడినపుడు, గాలి పది లక్షల పాళ్ళలో ఈ వాయువు సుమారు 315 పాళ్ళుండెను. 2024 సంవత్సరపు సగటు 424 పాళ్ళకు చేరినది.

ఈ కథలో మన ఊరికిని పాలు కలదు. ఇచ్చట వర్ధా లోయలో దొరకు బొగ్గును గోండ్వానా బొగ్గు అందురు. గోండులు నివసించు సీమను బట్టి ఆ పేరు వచ్చినది. వారి రాజధానులలో మన చంద్రపూరు ఒకటి. ఇరువదియైదు కోట్ల ఏండ్లకు పూర్వమే పెరిగిన వృక్షములు ఆనాటి గాలినుండి పీల్చిన కర్బనమే ఈ బొగ్గు. 1983లో ఆరంభమైన మన తాప విద్యుత్కేంద్రపు నేటి సామర్థ్యము 2,920 మెగావాట్లు. కోట్ల ఏండ్లు భూగర్భమున దాగిన కర్బనమును మనము కొలది కాలములోనే గాలికి విడుచుచున్నాము.

ఇక నాచు సంగతి. దానికి వేరు లేదు, కాండము లేదు, పువ్వు లేదు. అందుచే దాని దేహమంతయు ఆహారము వండుకొను పనిలోనే యుండును. సూర్యరశ్మి సాయముతో నీటిని, బొగ్గుపులుసు వాయువును కలిపి తన దేహముగా మార్చుకొని, ప్రాణవాయువును బయటికి విడుచును. కొన్ని జాతుల సూక్ష్మ శైవలములు ఒక్క దినములోనే రెట్టింపగును. చెరువులోని పచ్చని దారముల వంటి నాచును గాజుగ్లాసు నీటిలో వేసి ఎండలో నుంచుడు. కొంతసేపటికి దానిని అంటిపెట్టుకొని చిన్న బుడగలు కానవచ్చును. వానిలో ప్రాణవాయువు నిండుగా నుండును.

బొగ్గు పొగలో నూటికి 12 మొదలు 15 పాళ్ళ వరకు ఈ వాయువుండును. పొగను చల్లార్చి, శుద్ధిచేసి, లోతులేని కుంటలలోనికి పంపినచో నాచు దానిని తిని పెరుగును. ఒడిశాలోని అంగుల్‌లో నాల్కో సంస్థ తన విద్యుత్కేంద్రము కడ ఇట్టి ప్రయోగమును 2010వ దశకమున చిన్న మేర నడపినది.

ఇప్పుడు పలకలు తీయుడు. ఎండిన నాచు బరువులో సుమారు సగము కర్బనము. 12 పాళ్ళ కర్బనమునకు 44 పాళ్ళ బొగ్గుపులుసు వాయువు కావలెను. కనుక ఒక కిలో నాచు పెరుగుటకు సుమారు 1.83 కిలోల వాయువు పట్టును. చక్కగా సాకిన కుంటలో చదరపు మీటరునకు దినమునకు 20 గ్రాముల నాచు పండునని కొందము. అపుడు హెక్టారునకు 200 కిలోల నాచు పండును. అది పట్టు వాయువు 366 కిలోలు. బొగ్గుతో ఒక యూనిట్ విద్యుత్తు చేయగా సుమారు ఒక కిలో వాయువు వెలువడును. ఒక మెగావాటు యంత్రము దినమంతయు నడచినచో 24,000 యూనిట్లు. అనగా 24,000 కిలోల వాయువు. దానిని పట్టుటకు 65 హెక్టారుల కుంటలు వలయును. మన కేంద్రము పూర్తి సామర్థ్యముతో నడచినచో సుమారు 1,900 చదరపు కిలోమీటరులు కావలెను. మన తాడోబా–అంధారీ పులుల అభయారణ్యము సరిహద్దు అడవితో కూడ 1,727 చదరపు కిలోమీటరులే!

మరియొక సంగతి మరువరాదు. పెరిగిన నాచును పశువులు తిన్నను, నూనె తీసి కాల్చినను, పట్టిన వాయువు మరల గాలిలోనికే పోవును. ఆ నూనె మరొక నూనెను మిగిల్చినంతవరకే లాభము. ఊరి చెరువులో మురుగు కలిపి నాచు పెంచుదమనుటయు పొరపాటే. నాచు మితిమీరిన చెరువులో రాత్రివేళ ప్రాణవాయువు తరిగి చేపలు చచ్చును. అది ప్రత్యేకముగా త్రవ్విన కుంటలలో చేయవలసిన పని.

అట్లయిన నాచు వ్యర్థమా? కాదు. మురుగునీటిని శుద్ధిచేయుటకును, ఎరువునకును, ఆహారమునకును అది ఉపకరించును. పొగలో కొంత భాగమును పట్టును. కాని అది తోడుగా నిలుచునే గాని, మన భారమంతయు మోయలేదు.

తలిదండ్రులకు ఒక మనవి. మనలో పెక్కు కుటుంబములు గనులను, మిల్లులను, విద్యుత్కేంద్రమును నమ్ముకొని ఈ సీమకు వచ్చినవే. బొగ్గును నిందించుట మా ఉద్దేశము కాదు. అది మనకు అన్నము పెట్టినది. అయినను నూరు వాట్ల దీపము పది గంటలు వ్యర్థముగా వెలిగినచో ఒక యూనిట్ ఖర్చగును. ఆ ఒక్క యూనిట్ పొగను పట్టుటకు 27 చదరపు మీటరుల నాచుకుంట ఒక దినమెల్ల శ్రమింపవలెను. గది విడుచునపుడు మీటను నొక్కి దీపమార్పిన బాలుడు ఆ కుంట చేయు పనిని ఒక్క వ్రేలితో చేసినవాడగును.