మీ సూచనకు మార్కులెన్ని?

"ఎన్నిసార్లు చెప్పినా వినదు!" ఏఐ ఏజెంట్‌తో కోడ్ రాయించుకునేవాళ్ల నోట తరచూ వినిపించే ఫిర్యాదు ఇది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని సామెత. పని చెడితే వినేవాడి మీదకు నెట్టేస్తాం. వినేది యంత్రమైతే ఏమీ అనుకోదు కాబట్టి నెట్టడం మరీ తేలిక.

అయితే ఈ యంత్రం వల్ల మీకో గొప్ప వెసులుబాటు ఉంది. ఒకే పనిని వేర్వేరు మాటల్లో చెప్పి, ఒకే మనిషితో మళ్లీ మళ్లీ చేయించి చూడలేరు. ఏజెంట్‌తో అయితే చూడొచ్చు. అది విసుక్కోదు. స్పష్టంగా చెప్పడం మీకు వచ్చో రాదో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం దొరకదు.

తేల్చుకోవాల్సింది సూచనల ఫైలు దగ్గర. క్లాడ్ కోడ్ ప్రతి సెషన్ మొదట్లో 'క్లాడ్ డాట్ ఎండీ' చదువుతుంది. కోడెక్స్ లాంటివి 'ఏజెంట్స్ డాట్ ఎండీ' చదువుతాయి. పేరేదైనా పని ఒకటే: టెస్టులు ఎలా నడపాలి, ఏ ఫోల్డర్ ముట్టుకోకూడదు లాంటి ప్రాజెక్టు పద్ధతులను ముందే చెప్పడం. చాలామంది ఈ ఫైలును ఏజెంట్‌తోనే రాయించి, హెడ్డింగులు చక్కగా ఉన్నాయని సంతృప్తిపడి వదిలేస్తారు. అక్కడితో ఆగకండి. ఈ ఐదు పరీక్షలు పెట్టండి.

1. తీసేసి చూడండి

ఒక్కో వాక్యం దగ్గర ఆగి, "ఇది లేకపోతే ఏజెంట్ ఏ తప్పు చేస్తుంది?" అని అడగండి. జవాబు తట్టకపోతే కొట్టేయండి. "ఈ ప్రాజెక్టు రియాక్ట్‌తో రాసింది" అని మీరు చెప్పనక్కర్లేదు, ఫైళ్లు తెరిస్తే అదే తెలుసుకుంటుంది. "నువ్వు గొప్ప ఇంజనీరువి" అన్న పొగడ్తా అక్కర్లేదు. ఫైల్లోని ప్రతి వాక్యానికీ ప్రతి సెషన్‌లో టోకెన్లు ఖర్చవుతాయి. పైగా, సుదీర్ఘమైన పాఠం ఇస్తే మొదట్లో, చివర్లో ఉన్న విషయాలకంటే మధ్యలో ఉన్నవాటిని అప్పటి మోడళ్లు ఎక్కువగా జారవిడిచాయని 2023లో వచ్చిన 'లాస్ట్ ఇన్ ది మిడిల్' పరిశోధన చూపించింది. పొల్లు మాటలు పెరిగేకొద్దీ అసలు మాట మరుగునపడుతుంది.

2. సరిచూడగలిగేలా చెప్పండి

"నాణ్యమైన కోడ్ రాయాలి." కాదనేవాళ్లెవరు? పాటించిందో లేదో తేల్చగలిగేవాళ్లూ లేరు. దాని బదులు ఇలా రాయండి: "ఏపీఐ ఫోల్డర్‌లో ఏ ఫైలు మార్చినా పైటెస్ట్ నడపాలి. అన్నీ పాసయ్యాకే పని పూర్తయిందని చెప్పాలి." ఇప్పుడు లాగ్ చూసిన ఎవరైనా ఒకే తీర్పు చెబుతారు. వద్దన్నచోట ఏం చేయాలో కూడా చెప్పండి. "పాత మైగ్రేషన్ ఫైళ్లు మార్చొద్దు" అని వదిలేయకుండా, "మార్పు అవసరమైతే కొత్త మైగ్రేషన్ రాయాలి" అని చేర్చండి.

3. పాతబడిందేమో చూడండి

టీమ్ జెస్ట్ వదిలేసి వీటెస్ట్‌కు మారి నెలలైనా, ఫైల్లో జెస్ట్ కమాండే ఉంటుంది. పైన "ప్రతి ఫంక్షన్‌కూ కామెంట్ ఉండాలి" అని, కింద "అనవసరమైన కామెంట్లు వద్దు" అని ఉంటుంది. రెండూ మీరు చెప్పినవే, ఏది వినాలి? కోడ్ మార్చిన పుల్ రిక్వెస్టులోనే ఫైలునూ సరిచేసే అలవాటు చేసుకోండి.

4. తాళం వేయాల్సిన చోట చీటీ అంటించకండి

2025 జులైలో రెప్లిట్ కంపెనీ ఏఐ ఏజెంట్ జేసన్ లెమ్కిన్ అనే వ్యాపారవేత్త లైవ్ డేటాబేస్‌ను తుడిచేసింది. కోడ్ ఫ్రీజ్‌లో ఉంది, మార్పులు వద్దు అని ఆయన ముందే చెప్పారు. విషయం బయటికొచ్చాక రెప్లిట్ సీఈఓ అంజద్ మసాద్ క్షమాపణ చెప్పి, డెవలప్‌మెంట్ డేటాబేస్‌నూ ప్రొడక్షన్ డేటాబేస్‌నూ వేరుచేసే ఏర్పాటు ప్రకటించారు. గమనించారా? పరిష్కారం ఇంకాస్త గట్టిగా చెప్పడంలో దొరకలేదు, చేయి అందకుండా చేయడంలో దొరికింది. ప్రొడక్షన్ పాస్‌వర్డులను పర్మిషన్లతో కాపాడండి. స్పేసులు, సెమీకోలన్ల గొడవ ఫార్మాటర్‌కు అప్పగించండి. మిగిలినదే ఫైల్లో రాయండి.

5. నిజంగా పరీక్ష పెట్టండి

అందరూ దాటేసేది ఇదే. ప్రశ్నపత్రం మీ గిట్ చరిత్రలో సిద్ధంగా ఉంది. ఎప్పుడో సరిచేసిన ఐదారు బగ్‌లు ఎంచుకోండి. సరిచేయడానికి ముందున్న కమిట్‌కు వెళ్లి, ఆ పని ఏజెంట్‌కు ఇవ్వండి. అప్పట్లో ఆ సవరణతో పాటు వచ్చిన టెస్టులు ఇప్పుడు పాసవుతాయా? పేరుపొందిన ఎస్‌డబ్ల్యూఈ బెంచ్ పరీక్షను 2023లో తయారుచేసిందీ ఈ పద్ధతిలోనే. 12 పైథాన్ ప్రాజెక్టుల నుంచి 2,294 నిజమైన సమస్యలు తీసుకున్నారు. మీకు మీ ప్రాజెక్టు చాలు.

అదే పనిని ఫైలు లేకుండా ఒకసారి, పాత ఫైలుతో ఒకసారి, మార్చిన ఫైలుతో ఒకసారి చేయించండి. ఏజెంట్ ప్రతిసారీ ఒకే దారిలో వెళ్లదు కాబట్టి, ఒక్క విజయానికి పొంగిపోకుండా ప్రతి పద్ధతినీ కొన్నిసార్లు నడపండి. టెస్టులు పాసయ్యాయా, అక్కర్లేని ఫైళ్లు కెలికిందా, ఎన్ని టోకెన్లు తీసుకుంది అన్నవి రాసిపెట్టుకోండి. ఒకసారికి ఒక మార్పే చేయండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. ఇంకో జాగ్రత్త: సవరించిన కమిట్ ఏజెంట్‌కు కనబడనివ్వకండి. గిట్ లాగ్ తెరిచి జవాబు చూసి రాసేస్తే ఆ మార్కులు చెల్లవు.

ఫైలు లేకపోయినా ఫలితం అంతే వచ్చిందనుకోండి. మీ ఫైలుకు సున్నా మార్కులు. బాధగా ఉంటుంది, కానీ ఆ సున్నాను ఒప్పుకున్నవాళ్లే తర్వాతి సూచన బాగా రాస్తారు.

ఈ అలవాటు కోడ్‌తో ఆగదు. మాదాపూర్‌లో షిఫ్టు ముగించి డాలస్ టీమ్‌కు పని అప్పగించే మెయిల్‌ను ఇవే ప్రశ్నలతో చదివి చూడండి. తీసేయదగ్గ వాక్యాలెన్ని? పూర్తయిందని అవతలివాళ్లకు ఎలా తెలుస్తుంది? నిన్న చెప్పినదానికి ఇది విరుద్ధంగా ఉందా? "అర్థం చేసుకోలేదు" అని అవతలివాళ్లను అనే ముందు, అర్థమయ్యేలా చెప్పామని రుజువు చూపించగలిగితే మీరు నాయకత్వానికి సిద్ధమైనట్టే.

ఈ రోజే మీ ఫైలు తెరవండి. మూడు వాక్యాలు కొట్టేసి, పరీక్ష పెట్టండి. ఏమీ చెడకపోతే రేపు ఇంకో మూడు కొట్టేయండి.