విదేశమున కొన్న కారు భాగములు, స్వదేశమున మన హక్కులు

విహారయాత్రకై జపానుకో జర్మనీకో పోయిన తెలుగువారిలో స్పోర్ట్స్ కార్లయందు మక్కువ గలవారు కొందరు, చూడవలసిన దేవాలయములను, ఉద్యానములను చూచిన పిదప, టోక్యోలోని సూపర్ ఆటోబాక్స్ వంటి విశాలమైన అంగడిలోనో, వాడిన భాగములను విక్రయించు అప్ గ్యారేజ్ దుకాణములలోనో గంటలకొలది గడపి, హైదరాబాదున దొరకని బ్రేకు కాలిపర్లను, ఎగ్జాస్టు గొట్టములను, తేలికయైన అల్లాయ్ వీల్సును కొని సంతోషముతో పెట్టెలు కట్టుకొందురు. ఈ కోరిక దోషము కాదు. దానిని ఏ చట్టమును నిషేధింపలేదు. అయితే ఆ వస్తువు కొన్నదేశపు పన్నుల చట్టమును, మన విమానాశ్రయమందలి కస్టమ్సు చట్టమును, మన రహదారులపై అమలగు మోటారు వాహనముల చట్టమును వేర్వేరుగ దాటి రావలసియున్నది. ఒకచోట లభించిన అనుమతి మరియొకచోట చెల్లదు. ఈ భేదమెరుగక, ఏ పాపమునెరుగని గృహస్థులు కష్టార్జితమైన ధనమును విమానాశ్రయపు బల్లమీద పోగొట్టుకొనుట ఖేదకరము.

ముందుగా కొన్నదేశపు మాట. జపానులో వినియోగపు పన్ను నూటికి 10 వంతులు. ఆరునెలలకు లోబడి అక్కడ నుండు పర్యాటకుడు పాస్‌పోర్టు చూపి, నిర్ణీత మొత్తమునకు తక్కువగాకుండ కొన్నయెడల, ఆ పన్ను లేకుండగనే వస్తువును పొందు పద్ధతి చిరకాలముగ నున్నది. 2026 నవంబరు 1 నుండి మాత్రము ముందు పన్ను చెల్లించి, దేశము విడుచునపుడు అక్కడి కస్టమ్సువారికి వస్తువును చూపి తిరిగి పొందు పద్ధతికి ఆ దేశము మారుచున్నది. అచ్చట ఉద్యోగము చేయుచున్న మన బంధువు పేర కొన్నచో ఈ సదుపాయము వర్తింపదు. జర్మనీలో మన పర్యాటకులు మోసపోవునది వేరొకచోట. ఆ దేశమున విలువ ఆధారిత పన్ను 19 శాతము. దుస్తులకు, గడియారములకు దానిని తిరిగి యిచ్చుచున్నారు గదాయని కారు భాగములకు గూడ ఇత్తురని తలచుట సహజము. కాని సొంత వాహనమునకు అమర్చు సామగ్రిని పర్యాటకుడు తన సామానులో తీసికొనిపోవునపుడు ఆ మినహాయింపు లేదని ఐరోపా సమాఖ్య పన్ను శాసనమే స్పష్టముగ పేర్కొన్నది. పక్క అద్దమైనను, ఇంజను నూనెయైనను అంతియే. పన్ను తిరిగి వచ్చునన్న లెక్కతో ధర పోల్చుకొన్నవానికి విమానాశ్రయమున నిరాశయే మిగులును.

ఇక శంషాబాదు విమానాశ్రయమునకు వత్తము. విదేశమున పన్ను లేకుండ కొన్న వస్తువు స్వదేశమున సుంకము లేకుండ ప్రవేశించునను భ్రాంతి మనలో చాలమందికి కలదు. మన బ్యాగేజి నియమావళి ప్రకారము ప్రయాణికుడు తనతోబాటు తెచ్చుకొను వస్తువులకు కొంత విలువవరకు మాత్రమే మినహాయింపు. 2016 నాటి నియమావళి దానిని 50,000 రూపాయలుగ నిర్ణయించినది. ఈ అంకె మారుచుండునది గావున ప్రయాణదినమున అమలులోనున్న అంకెను కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ప్రకటనలనుండి తెలిసికొనవలెను. పరిమితిని మించిన విలువపై 35 శాతము సుంకమును, ఆ సుంకముపై 10 శాతము సాంఘిక సంక్షేమ సర్‌చార్జియును కలసి 38.5 శాతము, అనగా మించిన ప్రతి లక్షకును 38,500 రూపాయలు చెల్లింపవలసివచ్చును. భార్యాభర్తల మినహాయింపులను కలిపి ఒకే చక్రముల జతకు వాడుకొనుటకు వీలులేదు. తరువాత ఓడలోనో వేరు విమానములోనో వచ్చు సామానుకు ఈ మినహాయింపే లేదు. ఒకే రకపు భాగములు పదింటిని తెచ్చినచో అది స్వంత వినియోగము కాక వ్యాపారమని అధికారి భావించుటకు తావు కలుగును. వాడిన భాగముల విషయమున మరింత జాగరూకత కావలెను: పాత సరకుల దిగుమతికి మన విదేశ వాణిజ్య విధానము సాధారణముగ అనుమతిపత్రమును కోరును గనుక, అవి నిజముగ స్వంత సామానేనని నిరూపింపగల ఆధారము చేతనుండవలెను.

ఇచట నేను పాఠకులకు మనఃపూర్వకముగ చెప్పదలచినది ఒక్కటియే: ప్రకటన. 1962 నాటి కస్టమ్సు చట్టపు 77వ సెక్షను ప్రకారము సామాను యజమాని అందలి వస్తువులను అధికారికి తెలుపవలెను. సుంకము పడు వస్తువుతో, ప్రకటింపవలసినదేమియు లేనివారికి ఏర్పరచిన పచ్చదారిన (గ్రీన్ ఛానలున) నడచిపోయినవాడు చట్టము తనకిచ్చిన రక్షణలలో అనేకములను ఆ కొద్ది అడుగులలోనే వదలుకొనుచున్నాడు. ప్రకటించువారి ఎర్రదారికి (రెడ్ ఛానలునకు) పోయి, అసలు బిల్లు చూపి నిజము చెప్పినవానికి అవి నిలిచియుండును. వానిలో 80వ సెక్షను మహోపకారి, తెలిసినవారు మాత్రము అత్యల్పులు. సుంకము చెల్లించు స్తోమత అప్పటికి లేకున్నను, వస్తువు నిషిద్ధమని తేలినను, సత్యమైన ప్రకటన చేసిన ప్రయాణికుడు దానిని అక్కడనే నిలుపుంచి తాను మరల దేశము విడుచునపుడు తిరిగి ఇమ్మని కోరవచ్చును. కోరికను మన్నించు అధికారము అధికారికి కలదు. విదేశమున నివసించుచు సెలవులకు ఇంటికి వచ్చు మనవారికి ఇది ప్రత్యేకముగ ఉపయోగపడును. అంగడివాడు స్నేహముగ ధర తగ్గించి వ్రాసియిచ్చు రెండవ బిల్లును మాత్రము తాకవలదు. తెలిసియు అబద్ధపు పత్రమును వాడినవానికి వస్తువు విలువకు అయిదు రెట్లవరకు జరిమానా విధించుటకు 114ఎఎ సెక్షను అధికారమిచ్చుచున్నది.

వస్తువును నిలిపినయెడల దాని వివరములతో కూడిన రశీదు అడిగి పుచ్చుకొనవలెను. జప్తు పరిచినచో ఆరునెలలలోపల కారణము తెలుపుడని నోటీసు ఇయ్యవలెను. ఉన్నతాధికారి కారణములు వ్రాసి మరియొక ఆరునెలలు పొడిగింపవచ్చును. అదియు లేనినాడు వస్తువు తిరిగి యీయవలసినదే. నోటీసు లేక, మాట వినక సొత్తును స్వాధీనము చేసికొనుటను 124వ సెక్షను అంగీకరింపదు. నోటీసు అక్కరలేదు, విచారణ అక్కరలేదు అని ముందే అచ్చువేసిన కాగితముపై, రాత్రి ప్రయాణపు బడలికలో, ఇంటికి పోవు తొందరలో సంతకము చేయించుకొనుట ఈ చట్టమును పాటించుట కాదని ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము 2025లో నిర్ద్వంద్వముగ పలికినది. కావున అట్టి కాగితమును చదువక సంతకము చేయరాదు. స్వాధీనమునకు ఉత్తరువైనను, నిషిద్ధము కాని వస్తువునకు జుల్మానా చెల్లించి విడిపించుకొను అవకాశమును అధికారి ఈయవలెను. ఆ జుల్మానా విపణి ధరలో సుంకము పోగా మిగిలినదానిని మించరాదు. ఉత్తరువు అందిన 60 దినములలో కమిషనరు (అప్పీళ్లు) ఎదుట అప్పీలు చేయవచ్చును. అటుపైన బ్యాగేజి వివాదములు ట్రిబ్యునలునకు వెళ్లవు. కేంద్ర ప్రభుత్వమునకు మూడు నెలలలో పునఃపరిశీలన దరఖాస్తు పెట్టుకొనవలెను. దారి తెలియక ట్రిబ్యునలు గడప తొక్కినవారికి అమూల్యమైన గడువు వృథాయగును.

కస్టమ్సుకంటె ముందే, విమానమెక్కించునపుడే అడ్డుపడు భాగములును కలవు. గాలిసంచులు, అనగా ఎయిర్‌బ్యాగులు, పేలుడు గుణముగల భాగములు గనుక విమానపు సామానులో నిషిద్ధములు. పెట్రోలు వాసన వదలని పాత పంపును సయితము విమానసంస్థ త్రోసిపుచ్చవచ్చును.

సుంకము కట్టి న్యాయముగ ఇంటికి తెచ్చుకొన్న భాగమైనను కారుకు అమర్చుటకు అర్హమైనదని అనుకొనరాదు. మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించి రిజిస్ట్రేషను పత్రమునకెక్కిన వివరములకు భిన్నముగ వాహనమును మార్పరాదనుచున్నది. కేరళ వ్యాజ్యమొకదానిలో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగ సమర్థించినది. ఆ యేటి సవరణ తరువాత, అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాగాని, ఆరునెలల వరకు కారాగారముగాని, రెండునుగాని విధింపవచ్చును. అరిగిన భాగమునకు మారుగ అట్టిదే అమర్చుట వేరు. చెవులు చిల్లులుపడ మ్రోగు ఎగ్జాస్టు వేరు, దానికి శబ్ద కాలుష్యపు శిక్షయు ప్రత్యేకముగ కలదు. కనుక పాన చేతబట్టుటకు ముందే ప్రాంతీయ రవాణా కార్యాలయమున విచారించి, మార్పునకు అనుమతి లభించునదైనచో ఆ సంగతిని బీమా సంస్థకు లిఖితపూర్వకముగ తెలిపి, పాలసీపై నమోదు చేయించుకొనవలెను. చెప్పక చేసిన మార్పును చూపి, ప్రమాదానంతరము సొంత నష్టపు క్లెయిమును వారు తిరస్కరింపవచ్చును.